ఎనిమిది నిమిషాల స్కాన్

పదకొండింటికి ఆపరేషన్. తొమ్మిదింపావుకి బస్సు కండక్టర్ని స్ట్రెచర్ మీద మళ్ళీ స్కానింగ్ గదికి తెచ్చారు. వారం కిందటిదాకా చకచకా టిక్కెట్లు చింపిన కుడిచెయ్యి ఇప్పుడు మాట వినడం లేదు. నోట మాట ముద్దగా వస్తోంది. మెదడులో కణితి ఉందనీ, పుర్రె తెరవాలనీ సర్జన్ తేల్చేశాడు.

స్కాన్ తీసే టెక్నీషియన్‌కు మాత్రం అది మింగుడు పడలేదు. పదిహేనేళ్ళుగా మెదడు బొమ్మలు చూస్తున్న మనిషి ఆమె. బొమ్మలోని మచ్చ చుట్టూ మెరిసే గీత, కణితికైతే చాలావరకు నిండు వలయంలా ఉండేది, ఒకవైపు తెగి ఉంది. ఇది కణితి కాకపోవచ్చనీ, ఒంట్లోని రోగనిరోధక శక్తే దారితప్పి మెదడు మీద పడితే వచ్చే వాపు కావచ్చనీ రేడియాలజిస్టు చెవిన వేసింది. ఆయన బొమ్మను తిప్పి తిప్పి చూసి, సన్నటి సిరలు కూడా కనబడే స్కాన్ ఒకటి తీయమన్నాడు. ఎనిమిది నిమిషాలు తల కదలకూడదు.

కండక్టర్ కుడికాలు ఉండుండి అదిరిపడుతోంది. దాంతో ఒళ్ళంతా కదిలి, తీసిన రెండుసార్లూ బొమ్మ అలుక్కుపోయింది. పదింపావయింది. ఇంకెంతసేపని థియేటర్ నుంచి ఫోన్. మత్తు ఇద్దామంటే ఆ డాక్టరు థియేటర్లోనే వేరే కేసులో ఇరుక్కుపోయి ఉన్నాడు.

బయట బెంచీ మీద కండక్టర్ అక్క ఉంది. టైలరు. టెక్నీషియన్ ఆమెను పిలిచి, ఒంటిమీది లోహమంతా తీయించింది.

"తమ్ముడి కాలు గట్టిగా పట్టుకోండి. చప్పుడుకి భయపడొద్దు."

అక్క తమ్ముడి మీదకి వంగింది. "ఒరేయ్, నేనిక్కడే ఉన్నా. కదిలావంటే ఊరుకోను."

యంత్రం దడదడలాడింది. ఆరో నిమిషంలో కాలు ఎగిరిపడబోతే ఆమె తన బరువంతా దానిమీద వేసింది. అద్దం ఇవతల టెక్నీషియన్ తెరమీది బొమ్మకేసి చూసింది. కండక్టర్ తల కదల్లేదు.

మచ్చ నడిమధ్యగా నల్లటి సన్నగీత తేలింది. సిర. కణితి మధ్యలో అలా సిర సాగడం అరుదు, ఆ వాపు మాత్రం సిర చుట్టూనే పుడుతుంది. రేడియాలజిస్టు ఫోన్ చేస్తే సర్జన్ నమ్మక స్వయంగా దిగివచ్చాడు. బొమ్మను పెద్దది చేయించి, ఆ గీత వెంట వేలు నడిపి చూశాడు.

"ఆపరేషన్ ఆపండి," అన్నాడు చివరికి. "స్టెరాయిడ్ ఎక్కిద్దాం. అయిదు రోజులే చూస్తాను."

మూడు రోజులు ఏ మార్పూ లేదు. తన మాటవల్ల ఆ మనిషి ప్రాణం మీదికొస్తుందేమోనని టెక్నీషియన్‌కు తిండి సయించలేదు. రోజూ డ్యూటీ దిగి వార్డుకు వెళ్ళేది. నాలుగోరోజు సాయంత్రం అక్క వరండాలోనే ఎదురొచ్చింది. తమ్ముడు తేటగా మంచినీళ్ళు అడిగాడని చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

నెలకి మచ్చ సగానికి పైగా తగ్గింది. చేతిలో పట్టు పూర్తిగా రాలేదు. జబ్బు తిరగబెట్టవచ్చని డాక్టర్లు దాచకుండా చెప్పారు. కండక్టర్ డిపోలో కూర్చుని చేసే పనికి మారాడు, ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు.