తుడిచే టేపు

టేపులు మార్చే ఆటోలోడరు యంత్రం కీచుమంటూ నిన్నటి టేపును బయటికి తోసింది. టేపుల బాబాయి దాన్ని రెండు చేతులతో అందుకుని, దుమ్ము ఊది, మీద ‘బుధవారం’ అని చీటీ అంటించాడు. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. నిన్న మిల్లులో రాసిన లెక్కా పత్రమూ, గేటు కెమెరాలు చూసిన ప్రతి నిమిషమూ అందులో ఉన్నాయి. మిల్లులో ఏసీలు బాగుచేసే మేస్త్రీ చావు కూడా ఉంది.

మంటలొస్తే జనం దిగే తలుపుకు యాజమాన్యం తాళం వేయించింది. మేస్త్రీ దాన్ని సుత్తితో పగలగొట్టాడు. అదే అతను చేసిన నేరం. సాయంత్రం గేటు దగ్గర కాపలావాళ్ళ పెద్ద, అందరూ గేటుదొర అనే మనిషి, ఇనపకడ్డీతో మొదట అతని మోకాళ్ళు విరిచాడు. పడ్డాక పక్కటెముకల మీద కొట్టాడు. అమ్మా అని అరుస్తున్నవాడి చెవి మీద ఆఖరి దెబ్బ వేశాడు. మెట్ల కిటికీలోంచి బాబాయి అంతా చూశాడు. చూసి, తల దించుకుని వెనక దారిన ఇంటికి పోయాడు.

పొద్దున్నే కంప్యూటర్లో ఆ దృశ్యాలు చెరిపేశారు. మేస్త్రీ మెట్ల మీంచి జారిపడ్డాడని పోలీసులు రాసుకుపోయారు. మేస్త్రీ భార్య గేటు బయట మట్టిలోనే కూర్చుని ఉంది. రాత్రే నకలు ఎక్కిన టేపు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. బాబాయి సంగతే ఎవరికీ తట్టదు మరి. ఇరవై రెండేళ్ళుగా నేలమాళిగలో ఈ చల్లటి గదీ, యంత్రంలోని ఎనిమిది అరలే అతని లోకం. ఏడు అరల్లో రోజుకో టేపు, ఎనిమిదో దాంట్లో యంత్రం లోపలి మురికి తీసే తుడిచే టేపు. చూడ్డానికి అన్నీ కవలపిల్లలే, తేడా చీటీలోనే. నోట్లో నాలుక లేని మనిషని ఇంట్లో భార్య కూడా విసుక్కుంటుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎవరికో తట్టింది!

బాబాయి గోటితో చీటీ ఊడబీకాడు. ఎనిమిదో అరలోని తుడిచే టేపును లాగి, దాని చీటీ పీకేసి ఇది అంటించి, అసలు టేపును ఆ అరలోకి నెట్టాడు. తొందరలో చీటీ వంకరగా పడింది.

“నిన్నటిదేది బాబాయ్?” గేటుదొర వెనక ఇద్దరున్నారు.

బాబాయి చేతిలోది ఇచ్చేశాడు. గేటుదొర దాన్ని నేలకేసి కొట్టి కడ్డీతో నుగ్గు చేశాడు. లోపలి నాడా పేగుల్లా బయటపడింది.

“ఇంకోటుందా?”

“లేదు.”

“నిన్న కిటికీలో ఉన్నావంట?”

“నేనేం చూళ్ళేదయ్యా.”

“చూడనోడివి వణుకుతావేంట్రా?”

దవడ మీద పడ్డ దెబ్బకు రెండు పళ్ళు నేల మీద దొర్లాయి. ఇద్దరూ చేతులు విరిచి పట్టుకున్నారు. గేటుదొర జుట్టు పట్టుకుని అతని తలను ఇనప చట్రం అంచుకేసి మూడుసార్లు బాదాడు. రక్తం కళ్ళలోకి కారింది. కిందపడ్డాక కడుపులో తన్ని, “ఊళ్ళో నోరు లేచిందో, నీ పెళ్ళాన్నీ వదలను,” అని వెళ్ళిపోయాడు.

ఎంతసేపటికో బాబాయి లేచాడు. భయం ఇంకా అలాగే ఉంది, కోపం మాత్రం ఇరవై రెండేళ్ళలో మొదటిసారి దాన్ని దాటింది. మీట నొక్కితే యంత్రం తీరుబడిగా చెయ్యి జరిపి టేపును అందించింది. నిన్నటి ఖాళీ క్యారియరు పెద్ద గిన్నెలో దాన్ని పెట్టి మూత బిగించాడు. ముఖం కడుక్కుని, తలకు తువ్వాలు చుట్టాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర భార్య అన్నం క్యారియరు అందిస్తూ నిలువునా నీరైపోయింది.

“ఆ రక్తమేంటండీ!”

“చట్రం తగిలిందిలే.” నిన్నటి క్యారియరు ఆమె చేతికిచ్చి గొంతు తగ్గించాడు. “ఈ గిన్నె మేస్త్రీ పెళ్ళానికివ్వు. పోలీసులకొద్దు, మంచి లాయరు చేతికే ఇమ్మను. బళ్ళోంచి పిల్లదాన్ని తీసుకుని ఇటునుంచిటే మీ అన్నయ్య దగ్గరికెళ్ళిపో.”

గేటుదొర వచ్చి కడ్డీతో క్యారియరును తట్టాడు. “ఏముంది?”

ఆమె గేటుదొర చొక్కా చేతికున్న ఎర్రటి చుక్కలు చూసింది. ఒక్క క్షణంలో ఆమెకు అంతా అర్థమైపోయింది.

“నిన్నటి ఎంగిలి గిన్నె. వాసనొస్తోంది, తియ్యమంటారా?”

“ఛీ, పో!” అన్నాడతను.

మెట్ల కిటికీలోంచి బాబాయి చూశాడు. మట్టిలో కూర్చున్న మనిషి పక్కన భార్య చతికిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళ తలలూ ఒక్కచోటికి వచ్చాయి. తర్వాత ఇద్దరూ లేచి, పరిగెత్తకుండా, రోడ్డు మలుపు తిరిగారు. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

గదిలోకి దిగి కుర్చీలో కూర్చున్నాడు. తల దిమ్మెక్కుతోంది. కాస్త ఆగి తిందామనుకుని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

బల్ల మీద అన్నం క్యారియరు, కొక్కెం కూడా తియ్యకుండా, ఇంకా వెచ్చగానే ఉంది.