ఊపిరి బిగపట్టు తబితా

తబితకి తలసేమియా. పసితనం నుంచీ నెలనెలా రక్తం ఎక్కించుకుంటోంది. ఎక్కిన రక్తంతోపాటు ఒంట్లో ఇనుమూ పేరుకుంటుంది. అది గుండెదాకా పోయిందేమో ఎమ్మారై తీయించి చూడాలన్నాడు డాక్టరు. పోయి ఉంటే మాత్రలతో సరిపోదు. రోజూ పొట్టకి సూది గుచ్చుకుని గంటల తరబడి ఇనుము పోగొట్టే మందు పంపు తగిలించుకోవాలి. చేరబోయే నర్సింగు హాస్టల్లో అదెలా కుదురుతుందని పిల్ల బెంగ.

తండ్రి జాషువా మేష్టారూ, మామ్మ సంపూర్ణమ్మా తణుకు నుంచి రాజమండ్రి తీసుకొచ్చారు. పిన్నులన్నీ తీయించి పిల్లని గొట్టంలోకి పంపాడు టెక్నీషియన్ భీమరాజు. అద్దం ఇవతల ఆ ఇద్దరి పక్కనే కూర్చుని మైకు నొక్కాడు.

"ఊపిరి వదిలేసి బిగపట్టమ్మా."

"అలాగేనండి!"

గుండె బొమ్మ అలికేసినట్టు వచ్చింది.

"పలక్కూడదమ్మా. ఊపిరి కదిలితే బొమ్మ చెడిపోద్ది. ఏదీ, బిగపట్టు."

"సరేనండి!"

"ఇలా పెంచారేంటండీ మేష్టారూ?"

"పెద్దవాళ్ల మాటకి పలక్కపోతే బెత్తం తీసేవాణ్ణండి," అన్నాడు జాషువా దిగులుగా. తనే మైకు అందుకున్నాడు. "తబితా, నోరెత్తకమ్మా."

"ఎత్తనండి నాన్నగారూ!"

భీమరాజు తల పట్టుకున్నాడు. "ఈ పిల్ల పలకని మనిషే లేరాండి?"

జాషువా తల్లి వంక చూశాడు. రక్తం పడుతుందని సంపూర్ణమ్మ మొన్న మేక కార్జం వేపుడు చేసి పెట్టింది. ఇనుమున్న తిండి వద్దని డాక్టరు మొత్తుకుంటుంటే కార్జమా అని అలిగిన తబిత, అప్పట్నుంచీ ఆవిడతో మాట మానేసింది.

సంపూర్ణమ్మ మైకు ముందు గొంతు సవరించుకుంది.

"ఒసే, ఊపిరి బిగపట్టవే."

మిషను రొద తప్ప ఇంకే చప్పుడూ లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది.

"బ్రహ్మాండం మామ్మగారూ!"

"నా మాటంటే దానికంత గురి మరి. ఇక ఊపిరి తీసుకోవే!"

పలుకు లేదు. భీమరాజు కంగారుపడి మైకు లాక్కున్నాడు. "తీసుకున్నావా అమ్మా?"

"తీసుకున్నానండి!"

మిగతా బొమ్మలన్నీ మామ్మ చేతే చెప్పించాడు.

సాయంత్రం డాక్టరు రిపోర్టు చూశాడు. "గుండెలో ఇనుము లేదు. లివర్లో కొంచెం ఉంది. పంపు అక్కర్లేదు, మాత్రలు మాత్రం మానకు."

"అయితే హాస్టల్లో చేరిపోవచ్చాండి?"

"నిక్షేపంలా."

సంపూర్ణమ్మ ముందుకి జరిగింది. "డాక్టరుగారండీ, లివర్లో ఉందన్నారు కదా, దానికేమన్నా సూదుంటే చూడండి. ఇంకో ఏడాది ఇంటిపట్టునే ఉంచుకుంటాం."

"మామ్మా! నువ్వు ఊరుకుంటావా లేదా?" అరిచింది తబిత.

"మాట్లాడిందిరా జాషువా!" అంటూ ముసలమ్మ కళ్లొత్తుకుంది.