ఆపకు నాన్నా

క్లైవ్ సట్‌క్లిఫ్ పొద్దున్నే ఏడింటికి లేచి కెటిల్ పెట్టేవాడు. అది కాగేలోపల ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, వెలుగుతున్నవన్నీ ఆర్పేసేవాడు. మెట్ల దగ్గర దీపం, స్నానాలగది దీపం, భార్య గ్లెండా మంచం పక్కన రేడియో, చివర్లో హీటింగు. "గదిలో మనిషి లేకపోతే వేడెవరికి? గోడలకా?" అనేవాడు. వాళ్ళ నాన్నా అదే అన్నాడు, తాతా అదే అన్నాడు. ఆ కొండలోయ ఊరు క్రాగ్‌డెన్‌లో ఏ తలుపు తట్టినా ఆ మాటే వినిపిస్తుంది. పొద్దున లేచేముందు గంటసేపు వేడి, పడుకోబోయే ముందు రెండు గంటలు. మధ్యలో చలేస్తే ఇంకో స్వెట్టర్ తొడుక్కో, నోరు మూసుకో.

అందులోనూ ఆయన గ్యాస్ మేస్త్రీ. ముప్పై రెండేళ్ళు ఆ లోయలో ఇంటింటికీ బాయిలర్లు బిగించాడు. గ్యాసంటే ఆయనకి ఇంట్లో మనిషి కింద లెక్క. మీట నొక్కితే భగ్గున లేస్తుంది, పది నిమిషాల్లో ఇల్లు కాగుతుంది, మళ్ళీ నొక్కితే బుద్ధిగా పడుకుంటుంది.

అలాంటి మనిషి ఇంట్లోంచే బాయిలర్ ఊడబెరికి, పెరట్లో హీట్ పంప్ పెట్టారు. పెట్టింది కన్నకూతురు రొవీనా.

ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పటి నుంచీ తండ్రి వెంట పానాల సంచి మోసింది. చేసే ప్రతి పనీ పైకి చెప్పి చెయ్యాలని ఆయన నేర్పాడు. "వాల్వు కట్టేశాను. సబ్బునీళ్ళు రాశాను. బుడగ లేదు. కిటికీ తెరిచాను. ఇప్పుడు అగ్గి." ఈ అయిదు మాటలూ ఆ పిల్లకి ఎక్కాల కంటే ముందొచ్చాయి. "నోరు మర్చిపోయిన పని చెయ్యి కూడా మర్చిపోతుందే అమ్మాయ్, వరస తప్పితే ఇల్లు లేచిపోతుంది" అనేవాడు. వాన్ మీద 'సట్‌క్లిఫ్ అండ్ డాటర్' అని రాయించి ఊరంతా తిప్పాడు. నాలుగేళ్ళ కింద ఆ కూతురే గ్యాస్ వదిలేసి హీట్ పంపుల పనిలోకి పోయింది. ఆ సాయంత్రమే బ్లేడు తెచ్చుకుని, వాన్ మీద చివరి రెండు ముక్కలూ గీకేశాడు. గీకినా ఎండ పడ్డప్పుడు కనిపిస్తూనే ఉండేవి.

అక్టోబరులో ఆయన మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఇంట్లో పాత బాయిలర్ చచ్చింది. గ్లెండా మొగుణ్ణి అడగలేదు. కూతురికి కబురంపింది. చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చిన క్లైవ్ పెరట్లో ఆ తెల్ల పెట్టెనీ, అందులో గిర్రున తిరిగే ఫ్యానునీ చూసి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బయట మంచు కురుస్తుంటే గాలిలోంచి వేడి తీస్తుందట! ఎవరి చెవిలో పువ్వు పెడతావే?" అన్నాడు చివరికి.

"ఫ్రిజ్జు వెనక చెయ్యి పెట్టి చూడు నాన్నా, లోపల చలి, వెనక వేడి. ఇదీ అంతే. ఎంత చల్లగాలిలోనైనా కాస్త వేడి దాక్కునే ఉంటుంది. మెల్లగా తీసుకోవాలి. నువ్వు మాత్రం మాటిమాటికీ ఆపకు, అది నెమ్మదిగా, రోజంతా నడవాలి" అంది రొవీనా. స్విచ్చు పక్కన ఒక కాగితం అంటించింది: 'నాన్నా, ఆపకు.' సామాన్లు సర్దుకుంటూ గుమ్మంలో ఆగి, "మాటలు కూడా వస్తాయి అమ్మా. మొదట్లో ఎక్కువ వస్తాయి, తర్వాత అలవాటవుతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

మాటలు రావడమంటే మరేం లేదు. పంపు గాలిలోంచి వేడిని లాగినప్పుడు, ఆ గాలిలో ఎవరో అన్న మాటలు కూడా కొన్ని పట్టుకొచ్చి, గదుల్లో వేడినిచ్చే ఇనప రేడియేటర్లలోంచి వినిపించేది. సందులో పోస్టుమాను కుక్కని తిట్టిన తిట్లు స్నానాలగదిలో వినబడేవి. పక్కింటి డోరీన్ ఆంటీ కూడా పోయినేడు పంపు పెట్టించుకుంది. "మాది రోడ్డు వైపుంది కదమ్మా, ఎంతసేపూ బస్సు దిగేవాళ్ళ గోలే. మీది బీడు వైపు, హాయి" అని గ్లెండాతో అసూయపడింది. నిజమే, వీళ్ళది వరసలో చివరి ఇల్లు. పెరటిగోడ దాటితే మైళ్ళకొద్దీ చెట్టూ చేమా లేని పైబీడు. గాలి పైనుంచి వీస్తే గొర్రెల దగ్గులు, కాపరుల ఈలలు వచ్చేవి.

ఇవేవీ క్లైవ్‌కి పట్టలేదు. ఆయనకి మండింది ఆ కాగితం. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, బాయిలర్‌ని ఆపినట్టే పంపునీ పొద్దున ఏడుంబావుకి ఆపేసేవాడు. గ్లెండా స్కూలు వంటగదికి బయల్దేరేముందు మళ్ళీ వేసేది. ఆమె బస్సెక్కగానే ఈయన ఆపేవాడు. ఇల్లు ఎన్నడూ సరిగ్గా కాగలేదు. "చూశావా, చేతకాని సరుకు" అనేవాడు స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని. జనవరిలో ఒక బుధవారం ఆ కాగితం కూడా చింపి పొయ్యిలో పడేశాడు.

మర్నాడు పదకొండింటికి మంచు మొదలైంది. గాలి పైనుంచి. మోకాలు సలపడంతో క్లైవ్ ఆ రోజు పంపు ఆపడం మర్చిపోయాడు. రెండింటికి హాల్లో రేడియేటర్ పక్కన కూచుని టోస్టు తింటుంటే దాంట్లోంచి రొవీనా గొంతు వచ్చింది.

"నాన్నా, ఆపకు..."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం చింపిన సంగతి గ్లెండా చెప్పేసినట్టుంది, సందులో నిలబడి మళ్ళీ పాఠం మొదలెట్టింది అనుకున్నాడు. "నా ఇల్లు, నా ఇష్టం" అంటూ లేచి, కుంటుకుంటూ వెళ్ళి స్విచ్చు ఆపేశాడు. రేడియేటర్ మూగబోయింది. తలుపు తడుతుందేమో, లోపలికి రానియ్యకూడదు అని కాసేపు పంతంగా నిలబడ్డాడు. ఎవరూ తట్టలేదు. కిటికీలోంచి కూడా చూడలేదాయన.

మూడున్నరకి గ్లెండా కోటు నిండా మంచుతో లోపలికొచ్చింది. గొడుగు మూలన పెడుతుండగానే ఫోను మోగింది. పైబీడు మీద హైరిగ్ ఫామ్ రైతు.

"రొవీనా ఇల్లు చేరిందాండీ? మా పంపు చూసి పన్నెండున్నరకే దిగింది. అరగంట దారి. ఇప్పుడే కింద రోడ్డు మూసేశారని విన్నాను, మనసాగక చేశాను."

గ్లెండా ఫోను చేత్తో మూసి మొగుడి వైపు చూసింది. "పంపేమన్నా చెప్పిందా?"

క్లైవ్ టోస్టు పళ్ళెం పక్కకి నెట్టాడు. "లేదు" అన్నాడు. "ఏమీ చెప్పలేదు."

గ్లెండా రేడియేటర్ మీద చెయ్యి వేసింది. "చల్లగా ఉందేం?"

"ఆపాను."

"ఎప్పుడు?"

"ఇందాక."

ఆమె తిట్టి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది. వెళ్ళి స్విచ్చు వేసి, కొండల్లో చిక్కుకున్నవాళ్ళని వెతికి తెచ్చే కొండదళానికి ఫోను చేసింది. పైబీడు దార్ల మీద సెల్‌ఫోను పలకదని ఆ ఊళ్ళో పసిపిల్లకీ తెలుసు. దళం మనిషి తొందరగా మాట్లాడాడు. దిగడానికి రెండు దార్లున్నాయి, రోడ్డు ఒకటి, గని మీదుగా పాత దారి ఒకటి. ఉన్నది ఎనిమిది మందిమి, ఒక కుక్క. ఇంకో గంటలో చీకటి పడుతుంది. రెండు దార్లూ వెతకలేం. "మీ పంపు బీడు వైపేగా? ఏమన్నా వినబడితే వెంటనే ఇదే నంబరుకి చెప్పండి, మా వైర్‌లెస్‌కి కలుపుతారు, మేం దార్లు చీలేచోట ఉంటాం."

క్లైవ్ రేడియేటర్‌కి చెవి ఆనించాడు. ఇనుము చల్లగా కోసింది. బాయిలర్ అయితే ఈపాటికి చెయ్యి కాలేది. ఇది కదలదు, మెదలదు. ఎంత మెల్లగా నడుస్తుందో కూతురు ఎన్నిసార్లు చెప్పింది! ఎన్నిసార్లు వెక్కిరించాడు తను!

పది నిమిషాలు. పావుగంట. కాస్త గోరువెచ్చనయింది. అందులోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఎందుకు రావట్లేదు? ఎందుకు రావట్లేదే?" అన్నాడు.

"నన్నడుగుతావేం? మేస్త్రీవి నువ్వు" అంది గ్లెండా. ఫోను రెండు చేతులా పట్టుకుని ఉంది.

మేస్త్రీ అన్న మాటతో ఆయన బుర్ర పనిచేసింది. చేతికర్ర కూడా మర్చిపోయి పెరట్లోకి పరిగెత్తాడు. గాలికొట్టిన మంచు పెట్టె చుట్టూ నడుం ఎత్తున పేరుకుని ఉంది. తిరుగుతూ ఉంటే ఊదేసుకునేదే, ఆగి ఉన్న గంటన్నరలో పూడుకుపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, ఉత్త చేతుల్తో తవ్వాడు. గోళ్ళు చిట్లాయి. "ఊపిరి తీసుకోవే, నీ పుణ్యముంటుంది, ఊపిరి తీసుకో" అని పెట్టెని బతిమాలాడు. వెనక వైపు గాలి లాక్కునే రేకుల మీంచి మంచు పెళ్ళలుగా ఊడింది. లోపల ఏదో గరగరమంది. ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ నిదానంగా తిరిగింది.

లోపలికొచ్చేసరికి గ్లెండా రేడియేటర్ ముందు నేలమీద కూచుని ఉంది. "ష్" అంది.

ముందు గాలి హోరు. ఒక గొర్రె. తర్వాత, చాలా దూరం నుంచి, పిల్లలు ఎక్కం చదివినట్టు ఒకే స్వరంలో:

"వాల్వు కట్టేశాను. సబ్బునీళ్ళు రాశాను. బుడగ లేదు. కిటికీ తెరిచాను. ఇప్పుడు అగ్గి." కాస్త ఆగి, "నాన్నా, ఆపకు. పాత దారి. రాతిగని కింద. వాన్ దొర్లింది, కాలు ఇరుక్కుంది. నాన్నా, ఆపకు." మళ్ళీ మొదట్నుంచి, "వాల్వు కట్టేశాను..."

నిద్రపోకుండా చెప్పుకుంటోందని క్లైవ్‌కి తెలిసిపోయింది. మధ్యాహ్నం నుంచీ చెప్పుకుంటోంది. ఇంట్లో ఎవరో ఒకరు వింటారని.

గ్లెండా ఫోనులో అరిచింది, "పాత దారి! రాతిగని కింద!"

"ఎంతసేపు పడుతుంది?" అని క్లైవ్ ఫోను లాక్కున్నాడు. నలభై నిమిషాలన్నారు. తనూ వస్తానన్నాడు. "ఆ మోకాలితో మీరొస్తే మిమ్మల్ని మోయడానికే ఇద్దరు కావాలి క్లైవ్. అక్కడే ఉండి వినండి" అన్నాడు దళం మనిషి.

వినడం కంటే మంచులో పడి చావడం తేలికనిపించింది ఆయనకి. కూతురి మాట ఇటొస్తుంది, తన మాట అటు పోదు. అయినా ప్రతి వరసకీ "ఊఁ" కొట్టాడు, చిన్నప్పుడు కొట్టినట్టే. వాల్వు, ఊఁ. సబ్బునీళ్ళు, ఊఁ. కిటికీ బయట కొండ నీలమై, నలుపెక్కింది. గొంతు సన్నబడుతోంది. మాటకీ మాటకీ మధ్య ఎడం పెరుగుతోంది.

"వాల్వు కట్టేశాను. ఇప్పుడు అగ్గి. బుడగ..."

క్లైవ్ దిగ్గున లేచాడు. "తప్పు! వరస తప్పిందే! సబ్బునీళ్ళు ముందు, అమ్మాయ్, సబ్బునీళ్ళు!" అని రేడియేటర్‌ని గుద్దాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ వరస తప్పని పిల్ల. చలి తలకెక్కిందని ఆ ఇంట్లో ఆయనొక్కడికే అర్థమైంది. "పరిగెత్తమని చెప్పు గ్లెండా. నడవొద్దను, పరిగెత్తమను!"

గ్లెండా చెప్పింది. అటు బూట్ల చప్పుడు వేగమైంది.

"కిటికీ..." అంది రేడియేటర్. తర్వాత ఏమీ అనలేదు. గాలి ఒక్కటే మిగిలింది.

ఆ మౌనం ఎంతసేపుందో ఇద్దరిలో ఎవరూ గడియారం చూడలేదు. గ్లెండా క్లైవ్ చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ రక్తం ఆమె చేతికంటింది. అప్పుడు రేడియేటర్లో కుక్క మొరిగింది. ఒకసారి, తర్వాత ఆగకుండా. మగగొంతులు, పారల చప్పుడు, ఎవరో "ఊపిరుంది, దుప్పటి పట్రా" అన్నారు. క్లైవ్ గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

పది రోజులకి రొవీనా కట్టు కాలితో పుట్టింటికొచ్చి, హాల్లో పెరటి కిటికీ పక్కన సోఫా మీద చేరింది. ఇల్లు ఆ పది రోజులూ ఒకే తీరున వెచ్చగా ఉంది. పొద్దున్నే లేచి అన్ని దీపాలూ ఆర్పినా క్లైవ్ ఆ ఒక్క స్విచ్చు జోలికి పోలేదు. కూతురికి టీ ఇచ్చాడు, దిండు సర్దాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. "పంపు ఆగి ఉంది, పాపం ఆయనకి వినపడలేదు" అని గ్లెండా అందరికీ చెబుతుంటే, ఆ జాలికి తలెత్తలేక అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

ఆ ఆదివారం మళ్ళీ మంచు పడింది. చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళి పెట్టె చుట్టూ ఊడ్చాడు. ఊడ్చిందే ఊడ్చాడు. తర్వాత చీపురు గోడకి ఆనించి, పెట్టె వెనక్కి వెళ్ళి, గాలి లాక్కునే రేకులకి మొహం దగ్గరగా పెట్టాడు.

"ఆ రోజు పంపు నడుస్తూనే ఉంది" అన్నాడు. "రెండింటికి నీ గొంతు విన్నాను. విని, కోపంతో నేనే ఆపాను. మీ అమ్మకి అబద్ధం చెప్పాను. నిన్ను చంపుకునేవాణ్ణే తల్లీ."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిటికీ అద్దంలోంచి రెండు తలలు రేడియేటర్ వైపు తిరగడం ఆయనకి కనిపించింది. గ్లెండా చేతిలో కప్పు పళ్ళెం మీద పెట్టేసింది. క్లైవ్ చలిలో చేతులు వేలాడేసుకుని, తీర్పు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

చాలాసేపటికి కిటికీ తెరుచుకుంది. రొవీనా మోచేతుల మీద ఆనుకుని, ఎర్రబడ్డ కళ్ళతో తండ్రిని చూసింది.

"నాన్నా, దానికి అడ్డం నిలబడకు" అంది. "గాలి ఆడదు."

ఆయన పక్కకి జరిగాడు.