అడుగున మిగిలిన గాలి

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిన గంటకి ముహన్నా బిదియ ఊరి చివరికి, తారురోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోటికి వచ్చి చాప పరిచాడు. కహ్వా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, బుల్లి కప్పులు పెట్టాడు. చలికాలంలో శుక్రవారం వచ్చిందంటే ఇక్కడ ఇదే తంతు. ఇసుకలో మొదటిసారి బండి దించేవాళ్లను పోగేసి, పాఠం చెప్పి, గుంపుగా లోపలికి తీసుకెళ్లి, ఎవరి ఇంటికి వాళ్లను క్షేమంగా చేర్చాలి. ముహన్నా ఈ పని ఇరవై ఏళ్లు చేశాడు. రెండేళ్ల క్రితం మానేశాడు. మోకాలు నొప్పని అందరికీ చెప్పాడు. మోకాలికి ఏ రోగమూ లేదని మోకాలికీ అతనికీ తెలుసు.

అతని తర్వాత ముందు బండి నడుపుతూ వచ్చిన పెద్దాయన కంటి ఆపరేషనుకి మస్కట్ వెళ్లాడు. అయినా ముహన్నా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడే, కొత్తవాళ్లలో కూతురు రయ్యా లేకపోతే. ఆదివారం నుంచి రయ్యా ఇసుక లోపలి బడిలో టీచరు. గుంపుతో ఒకసారైనా వెళ్లి రాని మనిషిని టీచర్ల బండ్ల వరసలో ఎవరూ చేర్చుకోరు. "నువ్వుండగా ఇంకొకరి వెనక నేనెందుకెళ్లాలి నాన్నా?" అని అడిగింది. కాదనడానికి అతని దగ్గర మోకాలొక్కటే ఉంది. అది కూతురి ముందు పనిచెయ్యలేదు.

రయ్యా తన బండిలో వచ్చింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. బ్యాంకులో పనిచేసే జాహిర్ సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని కొత్త బండిలో వచ్చాడు. ఆసుపత్రి నర్సు నస్రా వాళ్లాయన పాత బండి తెచ్చింది. చివరి బండి నడిపే హాషిల్ వచ్చాడు. హాషిల్ ముహన్నాకి బావమరిది. వయసులో పెద్ద, నోరు అంతకంటే పెద్ద. అతని పక్క సీట్లోంచి అజ్జాన్ కుంటుకుంటూ దిగాడు, భుజాన గాలి కొట్టే మిషనుతో.

అజ్జాన్‌ని చూడగానే ముహన్నా కప్పులోకి చూసుకున్నాడు. అజ్జాన్ అతని అన్న కొడుకు. ఇక్కడికి అరమైలు దూరంలో టైర్ల కొట్టు నడుపుతాడు. ఊళ్లో బండ్లన్నీ అతని దగ్గరే గాలి కొట్టించుకుంటాయి, ముహన్నా బండి తప్ప. ముహన్నా ఇంట్లోనే కాలితో తొక్కే పంపు పెట్టుకుని గాలి కొట్టుకుంటాడు.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు ముహన్నా.

"హాషిల్ మామ రమ్మన్నాడు చిన్నాన్నా. గాలి తక్కువై ఎవరి టైరైనా రింగు వదిలితే ఎక్కించాలిగా. బండి నడపడానికి కాదులే, భయపడకు," అని నవ్వాడు అజ్జాన్. ఆ నవ్వు ముహన్నాకి ముల్లులా గుచ్చుకుంది.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తియ్యాలి. ముప్పై అయిదు ఉన్నది పదిహేనుకి రావాలి. టైరు మెత్తబడి రొట్టెలా పరుచుకుంటే ఇసుక మీద తేలుతుంది, గట్టిగా ఉంటే పారలా తవ్వుకుంటూ పోతుంది. ఆ గాలితోపాటు, బండిలో కూర్చున్నవాళ్లు నోటిదాకా వచ్చి మింగేసిన మాటలు కూడా బయటికొస్తాయి. ఎవరు ఏ వైపు కూర్చుంటే ఆ వైపు టైరులోకి వాళ్ల మాటలు చేరతాయి. ఇక్కడ బండి నడిపేవాడు కూర్చునేది ఎడమ వైపు. కొత్తగా మింగినవి ముందు, పాతవి చివర. బండి ఉన్న ప్రతివాడికీ ఇది తెలుసు. అందుకే ఒకరు గాలి తీస్తుంటే మిగతావాళ్లు ముఖం పక్కకి తిప్పి ఈ ఏడు ఖర్జూరాల కాపు ఎలా ఉందో మాట్లాడుకుంటారు. చెవిన పడ్డా పడనట్టుంటారు. అది మర్యాద. ఇంకో ఆనవాయితీ, ముందు బండివాడు అందరి ఎదుటా మొదట తన గాలి తీసి చూపించాలి.

ముహన్నా తన బండి ముందు ఎడమ టైరుకి రెండేళ్లుగా ఎవరి ఎదుటా గాలి తియ్యలేదు. అందులో ఏముందో అతనికి తెలుసు.

రెండేళ్ల క్రితం ఇలాగే గుంపుతో వెళ్లారు. దిబ్బ నెత్తి మీద నిలబడి, అవతల దారి ఖాళీగా ఉందో లేదో చూసి, ఇవతల ఉన్నవాడికి తలగుడ్డ ఊపడం ముందు బండివాడి పని. ఆ రోజు ముహన్నాకి ఆకలేసింది, విసుగొచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండానే గుడ్డ ఊపేశాడు. అవతల, చివరివాడైన అజ్జాన్ కంటే ముందు దాటిన హాషిల్ బండి ఇంకా కూరుకుపోయే ఉంది, ఇసుక తవ్వుకుంటున్న హాషిల్ ఆ ఊపు చూడలేదు. అజ్జాన్ జోరుగా ఎక్కి, నెత్తి దాటాక దాన్ని చూసి, గుద్దకూడదని వాలులో బండి పక్కకి తిప్పాడు. వాలులో పక్కకి తిప్పితే ఏ బండీ నిలబడదు. నాలుగు పల్టీలు కొట్టింది.

అజ్జాన్ కాలు విరిగింది, తలకి దెబ్బ తగిలి ఆ ఉదయమంతా జ్ఞాపకంలోంచి తుడుచుకుపోయింది. "ఊపకుండానే వచ్చేశాడా?" అని ఆసుపత్రి గుమ్మంలో అందరూ అడిగారు. ముహన్నా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. అతని మౌనాన్ని ఊరు అవుననే అనుకుంది. అజ్జాన్‌కి తొందరపోతు అని పేరొచ్చింది. ఇసుకలో టూరిస్టుల్ని తిప్పే ఉద్యోగం పోయింది, ఏ గుంపూ చేర్చుకోలేదు. అన్నిటికంటే ఘోరం, తనది తొందరేనని అజ్జాన్ కూడా నమ్మేశాడు.

ఎవరూ లేనిచోట గాలి తీసేసుకోవచ్చుగా అంటారేమో. అదీ చూశాడు. వినే చెవి లేకపోతే ఆ మాటలు ఎక్కడికీ పోవు, మళ్లీ కొట్టిన గాలితో లోపలికే వచ్చేస్తాయి.

అందుకని ఈ పొద్దున మిగతా మూడు టైర్లకీ ఇంటి దగ్గరే గాలి తీసి వచ్చాడు. ఎడమ టైరు ముప్పై అయిదులోనే ఉంది. ఈ ఒక్కరోజు ఎలాగో గడిచిపోతే చాలనుకున్నాడు.

"ఇంట్లోనే తీసుకొచ్చావా? సిగ్గుపడే పెళ్లికూతురివి ఎప్పట్నుంచి అయ్యావు బావా?" అన్నాడు హాషిల్.

"టైం కలిసొస్తుందని," అన్నాడు ముహన్నా.

కొత్తవాళ్ల టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టారు. జాహిర్ టైరు "నాకు నెలకి ఒక్కసారి కూడా ఎవరూ ఫోన్ చెయ్యరు" అంది. నస్రా టైరు "నీకంటే నేనే బాగా నడుపుతాను, తెలుసా?" అని వాళ్లాయన్ని అడిగింది. అందరూ ఖర్జూరాల గురించి గట్టిగా మాట్లాడారు. నస్రా అన్నీ కొలిచి చూసే రకం. కొలత గొట్టం పట్టుకుని, నేర్చుకోవడానికి, ముహన్నా బండి ఎడమ టైరు దగ్గర వంగింది.

"నా బండి జోలికి రాకమ్మా," అన్నాడు ముహన్నా. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. నస్రా చెయ్యి వెనక్కి తీసుకుంది. హాషిల్ కనుబొమ్మలు పైకి లేచాయి. గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నానని ముహన్నా తనను తానే తిట్టుకున్నాడు.

తర్వాత పాఠం చెప్పాడు. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు లోపలికి పెట్టొద్దు, చక్రం ఒక్కసారి వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. ముందు బండి చాళ్లలోనే రండి. కూరుకుపోతే పెడలు తొక్కి గోతులు తియ్యకండి, వచ్చిన చాల్లోనే వెనక్కి జరగండి. వాలులో ఎంత భయమేసినా తిన్నగా దిగండి, పక్కకి తిప్పొద్దు. పాఠం అక్కడితో ఆపేశాడు.

"గుడ్డ ఊపే సంగతి చెప్పలేదు నాన్నా," అంది రయ్యా.

"ఆఁ. నేను ఊపేదాకా దిబ్బ ఎక్కొద్దు," అన్నాడు, అజ్జాన్ వైపు చూడకుండా.

బయల్దేరారు. మొదటి దిబ్బ పేరు నాయనమ్మ మోకాలు. బిదియలో ఇసుక నేర్చినవాళ్లందరూ దాని మీదే నేర్చారు. అజ్జాన్ బండి పల్టీలు కొట్టిందీ దాని మీదే. ముహన్నా కళ్లు మూసుకుని ఎక్కగలడు, నాలుగు టైర్లూ మెత్తగా ఉంటే. ఈసారి చదునులోనే బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. కుడికి తిప్పి పట్టుకున్నాడు. అద్దంలో రయ్యా బండికి, దూరానికి కనపడాలని కట్టిన జెండా ఊగుతోంది. ఆగి వెనక్కి తిరుగుదామా అనుకున్నాడు. ఎందుకని అడుగుతారుగా, ఏం చెప్తాడు? యాక్సిలరేటర్ తొక్కాడు.

నెత్తి మీదికి వచ్చేసరికి గట్టి టైరు ఇసుకని తవ్వింది. మూతి ఎడమకి తిరిగింది. బండి పక్కకి ఒరిగి, ఒక్క క్షణం ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఎలాగో తిప్పుకున్నాడు. అవతలికి దొర్లినట్టు పడి, నెత్తికి పది గజాల దిగువన ఎడమ చక్రం ఇరుసుదాకా దిగిపోయి ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. వెనక వచ్చేది రయ్యా. అదే దిబ్బ నెత్తి, అదే గుడ్డి వాలు, కింద అడ్డంగా బండి. ఇప్పుడా పిల్ల ఎక్కిందంటే చూసేలోపు మీద ఉంటుంది.

అతని వైపు తలుపు ఇసుకకి ఆనుకుపోయి తెరుచుకోలేదు. రెండో వైపునుంచి పాకి బయటపడ్డాడు. పైకి ఎక్కుతుంటే అడుగు వేసినంతా జారిపోతోంది. చేతులతో ఇసుక పట్టుకుని ఎక్కాడు. చెవులు ఇంజను చప్పుడు కోసమే ఉన్నాయి. వినపడితే ఏం చెయ్యగలడు? యా అల్లా, ఆ పిల్లకి బదులు నన్ను తీసుకో, అనుకున్నాడు. నెత్తి మీదికి తల ఎత్తాడు.

రయ్యా బండి కదల్లేదు. అడుగున, ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. రెండు చేతులూ స్టీరింగు మీద, బొటనవేళ్లు బయట పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రిని చూసి ఇంజను ఆపి, నడిచి పైకొచ్చింది. వెనకాలే హాషిల్, అజ్జాన్, మిగతా ఇద్దరూ పారలు పట్టుకుని వచ్చారు.

"ఇంతసేపు ఎలా ఆగావే?" అన్నాడు ముహన్నా. ఇసుకలో చతికిలబడ్డాడు.

"నువ్వు ఊపలేదుగా. గుడ్డ కనపడకపోతే పొద్దుగూకినా కదలొద్దని అజ్జాన్ అన్న చెప్పాడు. నేను ఒకసారి ఆగలేకపోయాను, నువ్వు ఆగు అన్నాడు."

అజ్జాన్ తల వంచుకుని పార కొసతో ఇసుక గీస్తున్నాడు.

చక్రం చుట్టూ తవ్వారు. అజ్జాన్ ఎడమ టైరు మీద చెయ్యి వేసి నొక్కి చూసి, చిన్నాన్న వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ఇది రాయిలా ఉందే. దీనికి తియ్యలేదా?" అని జేబులోంచి గాలి తీసే పిన్ను బయటికి తీశాడు.

"ఇటివ్వు. నేను తీస్తాను," అన్నాడు ముహన్నా.

అతను చక్రం దగ్గర కూర్చోగానే అందరూ అలవాటుగా ముఖాలు తిప్పుకున్నారు. హాషిల్ ఖర్జూరాల మాట ఎత్తాడు.

"తిరక్కండి," అన్నాడు ముహన్నా. "మాట్లాడకండి కూడా. వినండి."

హాషిల్ ఇటు తిరిగాడు.

పిన్ను నొక్కాడు. బుస్సుమని గాలి వచ్చింది, దానితోపాటు ముహన్నా గొంతే, సన్నగా. "రయ్యా, నాకు భయంగా ఉందమ్మా" అంది. అది ఇవాళ్టిది. "అజ్జాన్ కొట్టు ముందునుంచి వెళ్లకపోతే బాగుండు" అంది. "వాడి పెళ్లి సంబంధం నా వల్లే తప్పిపోయింది" అంది. రెండేళ్ల మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అజ్జాన్ కొలత గొట్టం పెట్టి చూశాడు. ఇరవై అయిదు. ఇరవై.

"పదిహేనొచ్చింది చిన్నాన్నా. చాలు."

చాలు. ఇక్కడ ఆపితే బండి బయటికొస్తుంది. ఇంతవరకు వచ్చిన వాటికి ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు. పెద్దవాడు, అన్న కొడుకంటే బెంగ, అనుకుంటారు. అసలు మాట ఇంకా అడుగునే ఉంది. ముహన్నా వేలు పిన్ను మీదే ఉంచాడు.

"పన్నెండు. రింగు వదిలేస్తుంది, ఆపు," అన్నాడు అజ్జాన్.

ముహన్నా ఆపలేదు. గాలి నీరసపడింది. చప్పుడు పలచబడి, ఆసుపత్రికి పరిగెత్తిన ఆ రోజుటి గొంతు వచ్చింది, ఏడుస్తూ. "వాడు ఆగాడు. నేనే ఊపాను. వెనక్కి చూడకుండా ఊపాను. వాడు ఆగే ఉన్నాడు."

తర్వాత ఏమీ రాలేదు. ముహన్నా వేలు తీశాడు.

రయ్యా తండ్రిని ఇంతవరకూ ఎప్పుడూ చూడనట్టు చూసింది. హాషిల్ ముఖం నల్లబడింది. ఆ రోజు కింద కూరుకుపోయిన బండి అతనిదే, రెండేళ్లుగా అజ్జాన్‌ని తొందరపోతని ఎక్కువగా వెక్కిరించిందీ అతనే.

అజ్జాన్ మెల్లగా ఇసుకలో కూర్చున్నాడు, కుంటి కాలు చాపుకుని.

"నేను ఆగానా?" అన్నాడు.

"ఆగావు," అన్నాడు ముహన్నా.

"ఎంతసేపు ఆగాను?"

"చాలాసేపు. కూర్చునే ఉన్నావు, నన్నే చూస్తూ."

అజ్జాన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ముహన్నా చెయ్యి చాచాడు గాని అజ్జాన్ దాన్ని చూడలేదు, చూసినా పట్టుకోలేదు. అది న్యాయమేనని ముహన్నాకి అనిపించింది.

కాసేపటికి అజ్జాన్ లేచి, మిషను తగిలించి, ఆ టైరుని పదిహేనుకి తెచ్చాడు. హాషిల్ ముహన్నా ముందు చెయ్యి చాపాడు. ముహన్నా తాళాలు ఇచ్చాడు. అడగకుండానే తలగుడ్డ కూడా విప్పి ఇచ్చాడు. హాషిల్ ఆ రెండూ తీసుకెళ్లి అజ్జాన్ చేతుల్లో పెట్టాడు.

"రెండేళ్లు నోటికొచ్చినట్టు వాగాను. అందరి ముందే వాగాను గనక అందరి ముందే చెప్తున్నాను, తప్పు నాది," అన్నాడు. "పద నాయనా. నీ వెనక వచ్చేవాళ్లున్నారు."

బండిని వెనక్కి జరిపి, కిందికి దించి, అజ్జాన్ తిరిగి నెత్తి మీదికి నడిచొచ్చాడు. మిగతావాళ్లు ఎవరి బండి దగ్గరికి వాళ్లు వెళ్లారు. ముహన్నా చివరి బండిలో, హాషిల్ పక్కన కూర్చున్నాడు. వరసలో మొదట రయ్యా. ముహన్నా ప్రాణమంతా ఆ బండి మీదే ఉంది.

పైన అజ్జాన్ తలగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరిగి అవతల వాలు చూశాడు. ఇటు తిరిగాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. కింద ఎవరూ హారను కొట్టలేదు, ఎవరూ తొందరపెట్టలేదు.

అప్పుడు గుడ్డ ఊపాడు.