రెండు వేళ్ళ నీళ్ళు

నీళ్ళ తొట్టిలో వదిలిన ఖాళీ స్టీలు గ్లాసు పక్కకి ఒరిగిపోయింది. కొలతలాయన దాన్ని తీసి, లోపల రెండు వేళ్ళ నీళ్ళు పోసి మళ్ళీ వదిలాడు. ఈసారి బుద్ధిగా నిటారుగా నిలబడింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే అయినా ఆయన మొహం విప్పారింది.

"నీళ్ళలో నిలబడాలంటే నీళ్ళే మొయ్యాలి. విచిత్రం కదే?"

"మీ విచిత్రాలకేం గానీ, ఆ గ్లాసిలా ఇస్తే టీ పోస్తాను," అంది భార్య.

"ఉండనీ. సాయంత్రం వచ్చి చూస్తా."

రేవులో ఓడ సరుకంతా దింపేసి తేలికైపోయింది. అలా ఖాళీగా సముద్రంలోకి పోతే తూలుతుంది కనుక అడుగు ట్యాంకుల్లో నీళ్ళు నింపుతారు. నిండుగా ఉంటే నీళ్ళు కదలవు. సగమే ఉంటే మాత్రం ఓడ ఎటు వాలితే అటే పరుగెత్తి దాన్ని ఇంకా వాలుస్తాయి. ఆ నీళ్ళు కొలవడమే ఆయన ఉద్యోగం. ఇత్తడి గుండు కట్టిన టేపుకి సుద్ద పూసి ట్యాంకు గొట్టంలోకి దించుతాడు. తడిసినంత మేర సుద్ద చెరిగిపోతుంది.

మూడో ట్యాంకులో సుద్ద సగం దాకానే చెరిగింది. మళ్ళీ పూసి దించాడు. అంతే.

రేవు ఆఫీసరమ్మ మీటరు చూపించింది. "నిండిందంటోంది బాబాయ్. గంటలో ఓడ కదలాలి. అందులో వంటవాడు మీ అల్లుడని తెలుసులే. ఇంకో పూట ఇంట్లో ఉంచుకుందామనా?"

ఆయనకి చురుక్కుమంది. అల్లుడున్నాడని భయపడ్డ మాట నిజమే. అయినా కొలత కొలతే.

"మీటరుకి మొహమాటం ఉందేమో గానీ సుద్దకి లేదమ్మా. మూత తీయించు."

టార్చి వేసి చూస్తే నీళ్ళు సగానికే ఉన్నాయి. మీటరు తాలూకు తేలే బుడ్డి తుప్పు పట్టి పైనే ఇరుక్కుపోయింది. ఆఫీసరమ్మ మొహం పాలిపోయింది. వెంటనే పంపు వేయించింది.

మధ్యాహ్నానికి ఓడ కదిలింది. అల్లుడు వంటగది కిటికీలోంచి గరిటె ఊపాడు. ఓడ మొదటి అలకి కాస్త వాలి, నెమ్మదిగా సర్దుకుని నిలబడింది. కొలతలాయన మనసు కుదుటపడింది. షెడ్డు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ టీ పట్టుకొచ్చి, "బాబాయ్, మాట తూలాను, ఏమీ అనుకోకు," అంది. ఆయన పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, ఊపిరి ఆడటం లేదు.

మర్నాడు తొట్టి కడగబోయిన కూతురిని తల్లి ఆపింది. "దాన్నలా ఉండనీ. సాయంత్రం వచ్చి చూస్తానన్నారు."

తొట్టి మధ్యలో గ్లాసు, రెండు వేళ్ళ నీళ్ళతో, నిటారుగా తేలుతూనే ఉంది.