పెంటయ్య బొటనవేలు

పెంటయ్యకు షుగరుందని తేలిన నాటి నుంచి ఇంట్లో రాజ్యం కొడుకు దావీదుది. కుడికాలి బొటనవేలికి పుండు పడి మానడం లేదు. తీపి వదలకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని సూర్యాపేట డాక్టరు చెప్పాడు. దావీదు చక్కెర డబ్బాను అటక మీదికి ఎక్కించాడు. పొద్దున్నే డ్యూటీకి పోయేముందు తండ్రి కాలు ఒళ్లో పెట్టుకొని, మందు రాసి, పాత యూనిఫాం చింపిన ఖాకీ గుడ్డతో కట్టు కట్టేవాడు. కదిలితే చిన్నపిల్లవాణ్ణి గదమాయించినట్టు గదమాయించేవాడు.

మూడు నెలలు ఓర్చుకున్నాక పెంటయ్యకు కోదాడ బస్టాండు జిలేబి కలలోకి వచ్చింది. అనంతగిరిలో అక్కను చూసొస్తానని భార్య ఏసమ్మకు చెప్పి మునగాలలో బస్సెక్కాడు. కొడుకు కండక్టరే గాని, వాడిది మిర్యాలగూడ బస్సు. భయం లేదు.

సీట్లో సర్దుకుంటుండగా వెనక నుంచి "టికెట్, టికెట్" అని వినబడింది. డ్యూటీ మారినట్టుంది, అది దావీదు గొంతే. పెంటయ్య తువ్వాల మొహం నిండా కప్పుకొని కిటికీకి ఒరిగాడు. చిల్లర పట్టిన చెయ్యి మాత్రం బయటపెట్టి, గొంతు మార్చి కోదాడ అన్నాడు.

దావీదు టికెట్ చింపి ఆ చేతిలో పెట్టాడు గాని అక్కణ్ణుంచి కదలలేదు.

"పెద్దమనిషీ, కాలికట్టు జర వదులైంది. కోదాడల దిగినంక మళ్ల కడ్త."

మొహం దాచిన పెంటయ్య కాలు దాచడం మరిచాడు. ఖాకీ కట్టు కట్టిన బొటనవేలు దారిలోకి చాచి ఉంది.

పన్నెండేళ్లప్పుడు దావీదు బడి ఎగ్గొట్టి కోదాడలో సినిమాకు పోతే, పెంటయ్య చెవి పట్టుకొని బస్టాండు దాకా నడిపించాడు. శిక్షగా వాణ్ణి ఎదురుగా నిలబెట్టి తానొక్కడే జిలేబి తిన్నాడు. చివరి చుట్టు మాత్రం మనసొప్పక వాడికే ఇచ్చాడు. అమ్మకు చెప్పొద్దని వాడు దారిపొడుగునా బతిమాలాడు.

కోదాడలో దావీదు తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి కట్టు బిగించాడు. అతనికి చక్కెర లేని టీ ఇప్పించి, తనకు జిలేబి తెచ్చుకొని ఎదురుగా కూర్చొని తిన్నాడు. పెంటయ్య ఒక్కో ముక్కనూ చూపులతో సాగనంపాడు. చివరి చుట్టు దగ్గర ఆగలేకపోయాడు.

"గా దినం ఆఖరి సుట్టు నీకే ఇచ్చిన్రా."

"ఇచ్చినవ్. గప్పుడు నా కాలి ఏళ్లు పదికి పది మంచిగుండె నాయనా." దావీదు ఆ చుట్టును తండ్రి చేతిలో పెట్టాడు. "తింటే తిను. రేపు దవాఖానల ఏలు తీస్తమంటే, సంతకం మాత్రం నేను పెట్ట."

పెంటయ్య జిలేబిని చూశాడు, వేలిని చూశాడు. కాసేపటికి చుట్టును కొడుకు నోట్లోనే కుక్కాడు. వేళ్లకంటిన పాకాన్ని తువ్వాలకు తుడవబోయి, వాడు అటు తిరగ్గానే నాకేశాడు.

తిరుగు ప్రయాణంలో పెంటయ్య కండక్టరు సీటు పక్కనే బుద్ధిగా కూర్చున్నాడు.

"మీ అమ్మకు జెప్పకురా," అన్నాడు మెల్లగా.

దావీదు మునగాలలో బస్సాపించి, తండ్రిని దించడానికి చెయ్యి చాచాడు.

పెంటయ్య గబుక్కున చెవులు రెండూ మూసుకున్నాడు.