ఉత్తరపు గోడలో కంత

అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే మా లోయలో గొర్రెల కన్నా కెమెరాలు ఎక్కువవుతాయి. కాటన్‌వుడ్ చెట్ల ఆకులు పండి బంగారం రంగుకి తిరిగే ఆ పది రోజుల కోసం ఎక్కడెక్కడి వాళ్ళో దిగుతారు. ఈ నేల ఆదివాసులం మేము, మావాళ్ళ తోడు లేకుండా ఎవరూ లోయలోకి పోకూడదన్నది ఇక్కడి కట్టడి. అందుకని వాళ్ళకి నేను కావాలి. ఇరవై రెండేళ్ళుగా నాది ఇదే పని. వాగు ఇసుకలో చక్రం ఎక్కడ దిగబడుతుందో, ఏ గోడ మీద ఎండ ఎన్నింటికి పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఈ ఎర్నస్టీన్ బండెక్కితే ఫొటో చెడిపోదని మా ఊరు చిన్లేలో పేరు కూడా ఉంది.

ఆ ఏడు వచ్చిన ఫొటోల వర్క్‌షాప్‌లో ఎనిమిదిమంది. వాళ్ళకి పాఠం చెప్పేవాడు గ్రాంట్ హాల్వర్సన్ అని కొలరాడో మనిషి. వెలుతురు గురించి కొత్త పెళ్ళాం గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆ ఎనిమిదిమందిలో మార్జరీ క్విన్ ఒకావిడ. ఒహాయోలో నర్సుగా చేసి రిటైరయింది, డెబ్బై దాటాయి. మనిషి గుప్పెడంత, లెన్సు మాత్రం కట్టెల పొయ్యిలో పెట్టే దుంగంత.

మొదటి రోజే అందరినీ నిలబెట్టి చెప్పాను. పాత గోడలు ఎక్కొద్దు. ఎముక గానీ పెంకు గానీ ఏరొద్దు. అడక్కుండా మనుషుల్నీ వాళ్ళ ఇళ్ళనీ ఫొటో తీయొద్దు.

"ఎవరూ లేని ఇల్లయితేనో?" అని మార్జరీ చెయ్యెత్తింది.

"అదసలే వద్దు," అన్నాను.

నేనేదో హాస్యమాడాననుకుని అందరూ నవ్వారు. నేను వివరం చెప్పలేదు. చెప్పాల్సింది.

లోయ చీలికలో, పీచ్ చెట్ల మధ్య మా మేనమామ ఇల్లుంది. ఆయన పేరు వుడీ డెస్చినీ. మా అమ్మకి తమ్ముడు, డెబ్బై ఆరేళ్ళు. అత్త పోయిన దగ్గర్నుంచీ వసంతంలో దిగితే మొదటి మంచు పడేదాకా పదకొండు మేకలతో అక్కడే ఉంటాడు. కెమెరా కనపడితే వీపు చూపిస్తాడు. ఒకసారి ఒకడు మరీ మీదమీదకి వస్తే దోసెడు మేక పెంట ఎత్తి వాడి లెన్సు మీద పోశాడు. నాకు నడకా, మాటా, భయమూ నేర్పింది ఆయనే. మాలో మేనమామ నోటికి అమ్మైనా అడ్డు రాదు.

సెప్టెంబరు నుంచీ నా వెంట పడుతున్నాడు.

"ఇంటికాడ చిన్న పనుందే. ఒక పూట రా. రెండో మనిషి లేకపోతే మొదలెట్టకూడని పని."

"సీజన్ మామా. ఆకులు రాలనీ, వస్తా."

"ఆకులు రాలితే మంచు పడుద్ది. మంచు నీ సీజన్ చూసుకుని పడదు."

"నీ కొడుకుల్ని పిలుచుకోరాదూ?"

"వాళ్ళు ఫీనిక్స్‌లో ఏసీలు బాగుచేస్తన్నారు. నా ఇంటికి ఏసీ లేదుగా, వాళ్ళకేం పని?"

ఏం పనో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ముసలాయనకి నన్ను పిలవడానికి ఓ వంక కావాలనుకున్నాను. మూడుసార్లు వస్తానన్నాను, మూడుసార్లూ ఎగ్గొట్టాను.

గురువారం పొద్దున గ్రాంట్‌కి ఆ చీలిక కావాల్సి వచ్చింది. పీచ్ చెట్ల వెనక ఎర్రగోడ మీదకి తొమ్మిదింటికి ఎండ దిగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. వాగులో పడి ఉత్తరం వైపు నుంచి పోనిచ్చాను. గ్రాంట్ పట్టరాని సంతోషంలో ఉన్నాడు. "గాలి లేదు! చూడండి, ఒక్క ఆకు కదలడంలేదు. ఇలాంటి రోజు ఏడాదికి ఒకటి!" అని వెనక్కి తిరిగి అరుస్తున్నాడు. మామని చూసి ఎలా తప్పించుకోవాలా అని నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

మలుపు తిరిగాను. ఇల్లు కనపడింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

ఉత్తరపు గోడలో కంత ఉంది.

మట్టి మెత్తిన దుంగల గోడ అది. నడుమ మనిషి దూరేంత నల్లటి కంత. దుంగలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పొగ లేదు. మేకలు దొడ్లోంచి బయటపడి మొక్కజొన్న మోడులు కొరుకుతున్నాయి. మాలో ఇంట్లో మనిషి పోతే ఉత్తరపు గోడ పగలగొట్టి ఆ కంతలోంచి శవాన్ని తీసుకుపోతారు. ఆ తర్వాత ఆ గడప తొక్కేవాడుండడు. ఇల్లు దానంతటదే కూలిపోవాల్సిందే. ఆ కంతని చూశాక ఎవరూ ఏమీ అడగరు, చెప్పరు.

ఇంజిన్ ఆపేశాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మామ పోయాడు. పోతే ఎవరో వచ్చి గోడ కొట్టారు, మట్టి చేశారు. నాకు ఒక్కరూ చెప్పలేదు.

"ఎందుకాపావ్? ఇంకాస్త ముందుకి పోనీ," అన్నాడు గ్రాంట్.

"దారి మూసేశారు."

"ఎవరు మూశారు? దారి అదుగో ఉందిగా!"

"మూసేశారు," అన్నాను.

బండి వెనక్కి తిప్పుతుంటే నా పేరు వినపడింది. ఎర్నస్టీన్ అని కాదు. 'పొట్టిపిల్లా' అని. ఆ పేరుతో మా అమ్మవైపు వాళ్ళు తప్ప పిలిచేవాళ్ళు లేరు.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మమ్మ పోయింది. మామ నన్ను గుర్రం మీద ముందర కూచోపెట్టుకుని ఇంటికి తీసుకొస్తూ చెప్పాడు. "పోయినాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు. ఎనక్కి చూడమాక. పలికావంటే నిన్ను కూడా ఎంటబెట్టుకుపోతారు." ఆ మాట నా ఎముకల్లోకి దిగిపోయింది. అయినా ఆ గురువారం ఆగలేక ఒక్కసారి భుజం మీంచి వెనక్కి చూశాను. నల్లటి కంత తప్ప ఏమీ కనపడలేదు. ఉన్న బలమంతా పెట్టి యాక్సిలరేటరు తొక్కాను.

పైకొచ్చి సిగ్నల్ అందగానే మామ కూతురు బర్నీస్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేమన్నా పరాయిదాన్నా? ఆయన చేత చీవాట్లు తిని పెరిగినదాన్ని! మోటెల్ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. సాయంత్రం ఇంటికి పోయాక అమ్మకి ఎలా చెప్పాలా అని ఆలోచించుకున్నాను. అన్నట్టు మాలో పోయినవాళ్ళ పేరు కూడా ఎత్తకూడదు కదా ఇక.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికొచ్చి వెలుతురు చప్పబడితే గ్రాంట్ అందరినీ మోటెల్ హాల్లో కూర్చోబెడతాడు. పొద్దున తీసినవాటిలో తలా ఐదు ఫొటోలు గోడ మీద వేసి మంచీచెడ్డా చెప్పడం అతని పద్ధతి. ఒంటిగంటన్నర అయింది. నేను వెనక కుర్చీలో చల్లారిన కాఫీ పట్టుకుని కూర్చున్నాను. మార్జరీ వంతు వచ్చింది. మొదటి మూడూ ఆకులూ కొమ్మలూ.

నాలుగోది మా మామ ఇల్లు.

లేచి నిలబడ్డాను. కాఫీ ఒలికి చేతి మీద పడింది. "తీసెయ్యండి! ఏం చెప్పాను మీకు? చావింటిని ఫొటో తీస్తారా? సిగ్గు లేదూ?"

మార్జరీ మొహం మాడిపోయింది. "బండి ఆగింది కదా అని... కిటికీలోంచి... ఆ నలుపు ఎంత బాగుందో చూసి ఉండబట్టలేకపోయాను. తప్పే, తుడిపేస్తాను."

"నలుపు బాగానే ఉంది," అన్నాడు గ్రాంట్, నా కోపం అతనికి వినపడనట్టు. "కానీ నలుపులో ఈ తెల్ల చుక్కొకటి పాడుచేస్తోంది. ఇది ఏమిటో చూద్దాం." అంటూ పెద్దది చేశాడు.

చుక్క పెద్దదయింది. వెండి. ఇంకా పెద్దదయింది. వెండి కడియం, మధ్యలో నీలిరాయి, రాయికి అడ్డంగా పగులు. మామ కడియానికి ఆ పగులు పెట్టింది నేనే, తొమ్మిదేళ్ళ వయసులో, బండకేసి కొట్టి. కడియం చేతికి ఉంది. చెయ్యి పైకి లేచి ఉంది, ఐదు వేళ్ళూ విచ్చుకుని.

గోడ దగ్గరికి నడిచాను.

"పోయిన మనిషి చెయ్యి అలా లేవదు," అంది మార్జరీ. ఆ గొంతు ఫొటోలావిడది కాదు, నర్సుది. "ఇదే ఫొటో ఇంకా రెండున్నాయి. నేను ఒక్క నొక్కుకి మూడు తీస్తాను, చీకటిగా ఒకటి, మధ్యస్థంగా ఒకటి, వెలుతురుగా ఒకటి. మీరే కదా నేర్పారు గ్రాంట్. వెలుతురుది వెయ్యండి. త్వరగా!"

వేశాడు. ఆ ఫొటోలో ఎర్రగోడ తెల్లగా పాలిపోయింది, ఆకాశమే లేదు. కానీ కంత లోపలంతా కనపడుతోంది. పడిపోయిన దుంగ. దుంగ కింద మనిషి. తెల్లజుట్టు, మట్టి కొట్టుకున్న మొహం. నోరు తెరిచి ఉంది.

ఏమని పిలవడానికి తెరిచాడో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

లోయలోకి ఎలా నడిపానో గుర్తులేదు. గ్రాంట్ పక్కన కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేస్తూ ఉన్నాడు, సిగ్నల్ పోయేదాకా. మార్జరీ వెనక సీట్లో దుప్పట్లూ నీళ్ళూ ఒళ్ళో పెట్టుకుని, "ఐదు గంటలు... ఐదు గంటలు," అని తనలో తాను లెక్కేసుకుంటోంది. ఒక చోట చక్రం ఊబిలో దిగబడబోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

ఇంటికి యాభై అడుగుల దూరంలో బండి దిగాను. దిగి నిలబడిపోయాను.

నా కాళ్ళు కదల్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఫొటో చూశాను, చెయ్యి చూశాను, మొహం చూశాను. అయినా ఆ కంత వైపు ఒక్క అడుగు పడలేదు. ఈ ఐదు గంటల్లో ప్రాణం పోయి ఉంటే? అప్పుడది నిజంగానే చావిల్లు. నన్ను పెంచిన మనిషి ఆ గోడ వెనక ఉంటే నేను చెట్టులా నిలబడ్డాను.

మార్జరీ నన్నొకసారి చూసింది. దుప్పటి చంకన పెట్టుకుని తూర్పు వాకిట్లోంచి లోపలికి పోయింది, ఆ గుప్పెడంత మనిషి. గ్రాంట్ వెనకే పరిగెత్తాడు.

"ఊపిరుంది!" అని కేక వినపడింది. అప్పుడు పరిగెత్తాను.

ఉత్తరపు గోడలో అడుగు దుంగ పుచ్చిపోయిందట. మంచు పడేలోగా మార్చాలి. ఉత్తరం గోడ తెరిస్తే గంటసేపు కూడా అలా వదలకూడదని ఆయనకి తెలియదా? అందుకే రెండో మనిషి కావాలన్నాడు. నేను రాలేదు. ముందురోజు పొద్దు వాలేవేళ ఒక్కడే లోపల కూర్చుని పుచ్చు దుంగ బయటికి తన్నాడు. పైవి జారి తొడ మీద పడ్డాయి.

గ్రాంటూ నేనూ కలిసి దుంగ లేపాం. మార్జరీ కాలికి కర్రలు కట్టింది. మామ నీళ్ళు తాగాడు, గుక్క తిప్పుకుని ఆవిడ మెళ్ళోని కెమెరా చూశాడు.

"ఆ పెట్టె తీసి అవతల పెట్టమను. లేకపోతే మేకల్ని పిలుస్తా."

ఆ మాట ఆవిడకి చెబితే పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. కెమెరా తీసి బయట పీచ్ చెట్టు కొమ్మకి తగిలించి వచ్చింది. అంబులెన్సువాళ్ళకి దారి చూపడానికి గ్రాంట్‌తో పాటు వాగు దాకా పోయింది.

మేమిద్దరమే మిగిలాం. ఆయన తల నా ఒళ్ళో ఉంది. కంతలోంచి ఎండ వచ్చి మా మీద పడుతోంది.

"పొద్దున వచ్చావు," అన్నాడు.

"వచ్చాను మామా."

"కంత చూసి బండి తిప్పావు. మంచి పనే. నేనైనా అంతే చేద్దును."

ఆయన జుట్టులోని మట్టి దులిపాను.

"పిలిచానే. నాలుగుసార్లు పిలిచాను."

నాకు ఒక్కసారే వినపడింది. ఆ ఒక్కటీ చెవిలో ఇంకా ఉంది, పిలిచినప్పటంత గట్టిగా.

"వినపడలేదు మామా," అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు నేను మేకపిల్లని పోగొట్టుకుని తోడేలు మీద పెట్టినప్పుడు కూడా అలాగే చూశాడు. కడియం ఉన్న చెయ్యి మెల్లగా ఎత్తి నా చెంప మీద మట్టి తుడిచాడు.

"గాలిలే," అన్నాడు. "పొద్దున గాలి బాగా ఉంది. ఏం వినపడుద్ది."

మార్జరీ ఆ మూడు ఫొటోలూ నా ఎదుటే తుడిపేసింది. తుడిపే ముందు ఇంకొక్కసారి చూపించమన్నాను. ఇంటి ముందు కాటన్‌వుడ్ చెట్టు ఉంది. మూడింట్లోనూ దాని మీద ఒక్క ఆకు కూడా చెదరలేదు.